కొవ్వుకొంప మలుపులో కూనిరాగం

కొవ్వుకొంప మలుపు దగ్గర ఎవరూ బండి ఆపరు.

పగలైనా సరే, అద్దాలు పైకెత్తుకుని, రేడియో చప్పుడు పెంచుకుని, ఆ వాగులోకి దిగి మళ్ళీ గట్టెక్కేదాకా పక్కకి చూడరు. మోంటానా ఉత్తరపు మూలన, కెనడా సరిహద్దుకి గంట దూరంలో, గోధుమ చేలూ గొడ్లూ తప్ప ఇంకేమీ లేని మా వైపు, ఆ ఒక్క మలుపుకే ఇంత చెడ్డపేరు.

అరవై ఏళ్ళ కిందట అక్కడ చచ్చిన గొడ్లని ఉడికించి కొవ్వు తీసే కొట్టం ఉండేది. ఆ కొవ్వు సబ్బుల వాళ్ళు కొనుక్కుపోయేవాళ్ళు. కాగు కలిపేవాడు ఓస్‌మండ్ అని ఒకడు. ఒంటిగాడు. వాడి ఒంటి కంపుకి చర్చిలో పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదట. ఒక చలికాలం సాయంత్రం కాలు జారి కాగులో పడ్డాడు. మర్నాడు పొద్దున్న దాకా ఎవరూ చూడలేదు. చూసేసరికి... పైకి తీయడానికి ఏమీ మిగల్లేదంటారు. ఆ వారం కూడా కొవ్వు డబ్బాలు మామూలుగానే వెళ్ళాయని గొంతు తగ్గించి చెప్పేవాళ్ళూ ఉన్నారు.

కొట్టం మూతపడింది. పైకప్పు కూలింది. రాతిగోడలూ, వాటి కింద నేలమాళిగా మిగిలాయి.

వాడు మాత్రం పోలేదు. మంచు గట్టిపడి, గాలి పడిపోయిన సాయంత్రాల్లో ఆ గోడల కిందనుంచి వినిపిస్తుంది — మ్‌మ్‌మ్‌మ్... బతికుండగా కాగు కలుపుతూ కూనిరాగం తీసేవాడట. దాని వెనకే వాసన.

వెర్లిన్ హాగ్‌స్టాడ్ ఇవేవీ నమ్మేవాడు కాదు. నమ్మకపోయినా, అక్కడ బండి ఆపేవాడూ కాదు.

వెర్లిన్‌కి యాభై ఎనిమిదేళ్ళు. ఊరి చివర రేకుల షెడ్డులో డీజిల్ బండ్లు బాగుచేస్తాడు. మెకానిక్కే గానీ మురికంటే పరమ రోత. తొడుగులు లేకుండా బానెట్ ముట్టుకోడు. అరగంటకోసారి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటాడు. "వెర్లిన్ దగ్గరికి పోయేముందు బండికి స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టాలి" అని కాఫీ హోటల్లో నవ్వుకుంటారు.

ఆ ఏడు జనవరి మొదట్లో రైనీ తన పికప్‌ని గొలుసుతో లాక్కొచ్చి ఆ షెడ్డులో పడేశాడు. రైన్‌హోల్డ్ షాఫ్ అతని అసలు పేరు. మూడు వందల గొడ్లున్న రైతు. వెర్లిన్‌తో కలిసి బడికెళ్ళినవాడు.

తలుపు తీయగానే వెర్లిన్‌కి గుప్పున కంపు కొట్టింది. సీటు కింద పొగాకు ఉమ్మిన సీసాలు మూడు. ఒకదానికి మూత లేదు. వెనక తొట్టిలో గడ్డకట్టిన నెత్తురు, దానికంటుకుని ఎర్రటి వెంట్రుకలు.

"ఏంట్రా ఇది? బండా, కసాయి దుకాణమా?"

"ఈనే కాలం రా" అన్నాడు రైనీ, చెంపలో పొగాకు అటునుంచి ఇటు మార్చుకుంటూ. "నీ దగ్గర బోల్టులు పోతాయి. నా దగ్గర దూడలు పోతాయి. ఎవడి పని వాడిది."

బండి జబ్బు ఏమిటో వాసనే చెప్పింది. ట్యాంకులోంచి డీజిల్ లాగి ఎంజిన్‌కి అందించే పంపు పోయింది. ఆ కాలపు బండ్లలో అది ఎంజిన్ నడుమ, టర్బో కింద ఒక గుంటలో కూర్చుని ఉంటుంది. ఎంజిన్ తిరిగితే దాని దెబ్బకి ఇదీ కొట్టుకుంటుంది. ఎంజిన్ ఆగితే ఇదీ ఆగుతుంది. లోపలున్న రబ్బరు పొర చినిగి, నెలల తరబడి కారిన డీజిల్ ఆ గుంటలో మడుగు కట్టింది. అందులో దుమ్ము, గడ్డి, పీచు కలిసి నల్లటి ముద్దయింది. ముద్ద మధ్యలో ఎలుక గూడు. గూట్లో తల్లీ, అయిదు పిల్లలూ... డీజిల్లో నాని, బొచ్చూడి, వేలెడంత బొమ్మల్లా.

వెర్లిన్ పట్టకారుతో ఒక్కొక్కటే తీసి బకెట్లో వేశాడు. మూడోదానికి తట్టుకోలేక బయటికి పరిగెత్తి మంచులో కక్కుకున్నాడు.

రైనీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎలకపిల్లలకే ఇలాగైతే, నువ్వు మా ఇంట్లో ఒక్క పూట బతకవురా!"

"నోర్ముయ్" అన్నాడు వెర్లిన్ మూతి తుడుచుకుంటూ. "ఆ గుంటలో మళ్ళీ పంపు పెట్టను. ఇంకో మూడేళ్ళకి ఇదే కంపు నేను పీల్చలేను. కరెంటు పంపు బిగిస్తా. ట్యాంకు పక్కనే, ఛాసిస్‌కి. అందరూ అదే మార్పించుకుంటున్నారు."

రెండు రోజులు పట్టింది. పాత పంపు పీకి, దాని కన్నం మూసి, కొత్తదాన్ని కింద బిగించి, పైపులు మార్చి, బ్యాటరీ నుంచి వైరు లాగాడు. మూడో రోజు పొద్దున్న రైనీ ఎదుట తాళం సగం తిప్పాడు. ఎంజిన్ ఇంకా లేవలేదు. కిందనుంచి సన్నగా మోత...

మ్‌మ్‌మ్‌మ్‌మ్.

రైనీ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తరవాత తనే నవ్వాడు. ఆ నవ్వు అంత బాగాలేదు. "ఓస్‌మండ్‌ని పట్టుకొచ్చి నా బండి కింద కట్టావేంట్రా?"

"ఒక్క మాట విను" అన్నాడు వెర్లిన్. "పాతది ఎంజిన్‌తో పాటు ఆగేది. ఇది ఆగదు. తాళం తిప్పి ఉన్నంతసేపూ పోస్తూనే ఉంటుంది. బండి బోర్లా పడ్డా పోస్తుంది. గట్టి దెబ్బ తగిలితే దానంతటదే కరెంటు కోసేసే స్విచ్చి ఒకటుంది. అది పెట్టాలి. శుక్రవారం వస్తుంది."

"శుక్రవారం దాకా నేను గొడ్లకి మేత భుజాన వేసుకుని మొయ్యనా? వచ్చాక పెడుదువు గానీలే."

వెర్లిన్ ఇంకోసారి గట్టిగా అనాలి. అతనికీ తెలుసు. కానీ ఆ సీసాలు, ఆ నెత్తురు తొట్టి, ఆ వాసన ఇంకో మూడు రోజులు తన షెడ్డులో... తల్చుకుంటేనే వికారం.

"సరే పో. తీసుకుపో" అన్నాడు.

శుక్రవారం స్విచ్చి వచ్చింది. అరలో పెట్టాడు. రైనీ రాలేదు. వెర్లిన్ ఫోన్ చెయ్యలేదు. ఎత్తిచూపేవాళ్ళు లేరు గానీ, చెయ్యకపోవడానికి కారణం అతనికి బాగానే తెలుసు. ఆ బండి మళ్ళీ తన కప్పు కిందికి రావడం అతనికి ఇష్టం లేదు.

పది రోజులు గడిచాయి.

ఆ రోజు వెర్లిన్ తూర్పు వైపు ఒక పొలంలో ట్రాక్టరు బాగుచేసి ఇంటికి బయల్దేరాడు. అయిదున్నరకే చిమ్మచీకటి. సున్నాకి ఇరవై డిగ్రీల కింద చలి. గాలి లేదు. హెడ్‌లైట్ల ముందు మంచు పొడి అలా నిలబడి ఉంది.

కొవ్వుకొంప వాగులోకి బండి దిగింది. అద్దాలు ఎత్తే ఉన్నాయి. రేడియో చప్పుడు పెంచాడు.

సరిగ్గా మలుపులో ఎంజిన్ ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది... ఆగిపోయింది.

తాళం తిప్పాడు. తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. మళ్ళీ తిప్పాడు. అంతే.

ఊళ్ళో సగం బండ్లకి కరెంటు పంపులు బిగించిన వెర్లిన్, తన సొంత బండికి పాతదే ఉంచుకున్నాడు. దిగి, బానెట్ ఎత్తి టార్చిలైటు వేశాడు. గుంట నిండా డీజిల్. అదే రబ్బరు పొర. అదే చిరుగు.

"థూ" అనుకున్నాడు. ఫోన్ తీశాడు. ఆ వాగులో ఏనాడూ సిగ్నల్ లేదు. ఇప్పుడూ లేదు.

నడిస్తే దగ్గర ఇల్లు ఏడు మైళ్ళు. ఈ చలిలో నడక అంటే చావే. బండిలో కూర్చుంటే, ఎవరో ఒకరు ఈ దారిన రావాలి. వచ్చినా... ఇక్కడ ఆపరు.

లైట్లు ఆర్పేశాడు, బ్యాటరీ మిగలాలని. చీకటి మీద పడింది.

అప్పుడు వినిపించింది.

మ్‌మ్‌మ్‌మ్‌మ్...

వెర్లిన్ ఊపిరి బిగబట్టాడు. చెవుల్లో తన నెత్తురేమో అనుకున్నాడు. కాదు. కింద నుంచి. రాతిగోడల వైపు నుంచి. ఒకే శ్రుతిలో, ఆగకుండా, విసుగు లేకుండా — ఎవరో పని చేసుకుంటూ నోరు మూసుకుని పాడుకుంటున్నట్టు.

వాసన కూడా వచ్చింది. ముందు డీజిల్. అది తన బండిదే అనుకున్నాడు. దాని కింద ఇంకోటి... తియ్యగా, బరువుగా, నాలిక మీద పేరుకునేది. కుళ్ళిన మాంసం వాసన. ఇరవై డిగ్రీల చలిలో ఏదీ కుళ్ళదు. గడ్డ కడుతుంది. మరి ఈ వాసన ఎక్కడిది?

బండిలోకి దూరి తలుపు వేసుకున్నాడు. గడియ పెట్టాడు. తలుపులోంచి కూడా వినిపిస్తోంది.

మ్‌మ్‌మ్‌మ్‌మ్...

ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. భయపడుతూనే వింటున్నాడు. వినగా వినగా ఆ మోతలో ఏదో తెలిసిన గొంతు పట్టుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళుగా చప్పుళ్ళని బట్టి జబ్బులు చెప్పే చెవి అతనిది. ఆ శ్రుతి, అందులో ఆ చిన్న గరగర... అది తను బిగించిందే. తన చేత్తో.

కరెంటు పంపు.

"అయ్యో దేవుడా" అంటూ తలుపు తోసుకుని దూకాడు.

రోడ్డు అంచున మంచులో చక్రాల జాడలు కొట్టం వైపు దిగి ఉన్నాయి. మోకాలు లోతు మంచులో జారుతూ, లేస్తూ దిగాడు. రాతిగోడ చాటున టార్చిలైటు వెలుగులో పికప్ అడుగుభాగం కనిపించింది. గుంటలో పక్కకి ఒరిగి పడుంది. లైట్లు పగిలాయి. కింద పంపు మోగుతూనే ఉంది. తెగిన పైపులోంచి డీజిల్ సన్నగా చిమ్ముతూనే ఉంది.

"రైనీ!" అరిచాడు. "ఒరేయ్ రైనీ!"

బండిలో ఎవరూ లేరు. వెర్లిన్ లైటు వెనక్కి తిప్పాడు.

ఆవు ఒకటి అతని వంకే చూస్తోంది.

చచ్చిన ఆవు. కళ్ళు తెల్లబడ్డాయి. నాలిక పక్కకి వేలాడుతోంది. మూతి మీద నెత్తురు గడ్డకట్టింది. దాని తల... మెల్లగా లేచింది. మళ్ళీ వాలింది. మళ్ళీ లేచింది — ఔనౌనన్నట్టు.

దాని మెడ కిందనుంచి మనిషి చెయ్యి బయటికొచ్చింది.

"వెర్లిన్..." అంది ఆవు.

టార్చిలైటు చేతిలోంచి జారి మంచులో పడింది. ఆ తరవాత చాలా రోజులకి తన భార్య ఆర్డిస్‌కి చెప్పాడట — ఆ క్షణంలో తను పారిపోయాననీ, నాలుగడుగులు నిజంగానే పారిపోయాననీ. అయిదో అడుగు దగ్గర ఆ గొంతు మళ్ళీ పిలిచింది. ఈసారి బూతు కూడా కలిపి పిలిచింది. దయ్యాలు పొగాకు నమిలే గొంతుతో తిట్టవు.

రైనీ ఆవు కింద ఉన్నాడు, దాని మెడని చేత్తో పైకి తోస్తూ. పొద్దున్న ఈనలేక చచ్చిన ఆవట. తొట్టిలోంచి గొలుసుతో దించుతుంటే, మంచు మీద బండి వెనక్కి జారి ఒరిగిపోయింది. ఆవు వచ్చి మీద పడింది. నడుం దాకా దాని పొట్ట కింద ఇరుక్కున్నాడు. మూడు గంటలుగా. ఆ మూడు గంటలూ దాని ఒంట్లో మిగిలిన వేడే అతన్ని బతికించింది. పొట్ట ఉబ్బి, దాని వెనకనుంచి ఏదేదో కారి అతని చొక్కా నిండా పేరుకుంది. పాదాలు మాత్రం దాని కిందనుంచి అవతలికి వచ్చేశాయి. వాటి మీదే డీజిల్ చిమ్ముతోంది.

వెర్లిన్ పాకి వెళ్ళి తాళం తిప్పేశాడు. పంపు ఆగింది.

తన బండిలోంచి చైన్ పుల్లీ తెచ్చి గోడ రాయికి కట్టి, ఆవు కాలికి రెండో కొస తగిలించి లాగాడు. అది కదలడానికి పావుగంట పట్టింది. కదిలినప్పుడు దాని పొట్టలోంచి గాలి బుస్సుమంటూ వెర్లిన్ మొహాన కొట్టింది. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి లాగాడు. రైనీని చంకల కింద పట్టుకుని ఈడ్చుకుంటూ గట్టెక్కించాడు. డీజిల్లో తడిసి కొయ్యబారిన ప్యాంటు కోసి పారేశాడు. తన మందపాటి పనిబట్టలు తొడిగి, ఉన్న దుప్పట్లన్నీ చుట్టి, ఫ్లాస్కులోని కాఫీ తాగించాడు.

"నీ బండి... తియ్యరా" అన్నాడు రైనీ. పళ్ళు టకటకలాడుతున్నాయి.

"నా బండి చచ్చింది. పంపు పోయింది."

రైనీ కళ్ళు మూసుకున్నాడు. "అయితే అయిపోయింది."

"అయిపోలేదు. నిద్రపోకు. నన్ను తిడుతూ ఉండు, వినపడేలా. తిట్లు ఆగాయంటే వచ్చి చెంప పగలగొడతా."

వెర్లిన్ మళ్ళీ కిందికి దిగాడు. ఒరిగిన పికప్ కింద దూరి, రెండు వారాల కిందట తను బిగించిన పంపునే విప్పాడు. తడి తొడుగులు కొయ్యబారి బోల్టు పట్టు దొరకడం లేదు. తీసి పారేశాడు. ఉత్త చేతులు. ఇనుము ముట్టుకుంటే చర్మం అంటుకుని వస్తోంది. ఆ చలిలో డీజిల్ పడితే చెయ్యి నిప్పులో పెట్టినట్టే. మొహం పక్కనే ఆవు తల. దాని వంక చూడకుండా పైపులు, క్లిప్పులు, వైర్లు కోసుకున్నాడు. పంపుని చొక్కా లోపల పెట్టుకుని గట్టెక్కాడు.

సగం దూరం ఎక్కాక ఆగాడు.

పంపు అతని చొక్కాలో ఉంది. వైర్లు తెగి వేలాడుతున్నాయి. దాంట్లో ప్రాణం లేదు.

అయినా కింద, రాతిగోడల అడుగునుంచి...

మ్‌మ్‌మ్‌మ్...

ఇందాకటిలా ఒకే శ్రుతి కాదు. వెయ్యి గొంతులు కలిసినట్టు. ఎక్కువవుతూ, తగ్గుతూ. ఊపిరి తీస్తున్నట్టు.

మిగతా గట్టు ఎలా ఎక్కాడో అతనికి గుర్తులేదు.

"రైనీ... నీకు వినిపిస్తోందా?"

రైనీ తిట్లు ఆపాడు. తరవాత చాలా మెల్లగా — "వినకు. పని చూడు. వినకురా, నీకు పుణ్యముంటుంది."

వెర్లిన్ పని చూశాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపుని కోసి కరెంటు పంపుకి తగిలించాడు. పంపు నుంచి పైపుని పాత పంపుని దాటించి, నేరుగా ఫిల్టరుకి కలిపాడు. స్విచ్చీ లేదు, ఏమీ లేదు. రెండు వైర్లు బ్యాటరీకి చుట్టేశాడు. పంపుని ముందు చక్రం పైనున్న రేకు మీద తాడుతో కట్టాడు. అది మోగడం మొదలెట్టింది. కింద ఆ మోత. పైన ఈ మోత. రెండిటి మధ్యా నిలబడి పైపుల్లోని గాలి పోయేదాకా లెక్కపెట్టి, బండి ఎక్కి తాళం తిప్పాడు.

దగ్గింది. దగ్గింది... అంటుకుంది.

ఊరి దాకా ముప్ఫై రెండు మైళ్ళు. హీటరు వేడెక్కేకొద్దీ బండంతా డీజిల్, పేడ, నెత్తురు, ఇంకా పేరు పెట్టలేనివి కలిసి కంపు. వెర్లిన్‌కి రెండుసార్లు డోకొచ్చింది. బండి ఆపలేదు. కిటికీ దింపుకుని అలాగే పోనిచ్చాడు.

"స్విచ్చి వచ్చి పది రోజులైందిరా" అన్నాడు చివరికి. "నీకు ఫోన్ చెయ్యలేదు. నీ బండి అంటే నాకు రోత. అందుకే చెయ్యలేదు."

రైనీ దుప్పట్లోంచి తల బయటికి పెట్టాడు. "అది పెట్టుంటే నీకు మోత వినిపించేది కాదు."

"పెట్టుంటే నీ కాళ్ళ మీద డీజిల్ పడేదీ కాదు."

అందులో ఏ మాటా అబద్ధం కాదు.

రైనీ బతికాడు. ఎడమ పాదానికి మూడు వేళ్ళు తీసేశారు. మర్నాడు వెర్లిన్ ఆసుపత్రికి వెళ్తే, చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

"నా బండి లాగడానికి వెళ్తారు కదూ? లాక్కుని వచ్చెయ్యండి. ఆ నేలమాళిగ తలుపు మాత్రం తియ్యకు."

"ఏముందిరా అందులో?"

రైనీ మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం షెరిఫ్ ఆఫీసునుంచి పోలీసు డిప్యూటీ టోబియాస్ రూడ్ మలుపు దగ్గరికి వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళవాడు. ఇక్కడే రైతు కొడుకు. వెర్లిన్ లాగుడు బండి తెచ్చాడు. పికప్‌ని గట్టు మీదికి లాగేసరికి రెండయింది. బాగా ఎండగా ఉంది.

"దయ్యం కనిపించిందట కదా మీకు, వెర్లిన్ గారూ?" అని నవ్వాడు టోబియాస్.

వెర్లిన్ నవ్వలేదు. గోడల వంక చూస్తున్నాడు. చుట్టూ నడుములోతు మంచు. నేలమాళిగ తలుపు చుట్టూ మాత్రం, రెండు బారల మేర, మంచు లేదు. మట్టి తడిగా, నల్లగా ఉంది. దాని మీద సన్నటి ఆవిరి.

మ్‌మ్‌మ్‌మ్...

టోబియాస్ నవ్వు ఆగింది. "ఏంటది?"

వెర్లిన్ తలుపు మీద చెయ్యి పెట్టాడు. చెక్క వెచ్చగా ఉంది.

ఎత్తాడు.

వేడి గాలి మొహానికి కొట్టింది. దాని వెంట ఒక నల్లటి తెర లేచింది. ఈగలు. జనవరి నెలలో, వేలకి వేల ఈగలు, ఒక్కటే రొద. మొహం మీద, కళ్ళ మీద, నోటి మీద వాలాయి. వెర్లిన్ పక్కకి తిరిగి కక్కుకుని, మూతి తుడుచుకోకుండానే లైటు లోపలికి వేశాడు.

నేలమాళిగ అంచుదాకా నిండి ఉంది. ఆవులు, దూడలు, గొర్రెలు. అడుగువి ఎముకలు. నడుమవి ముద్ద. ఆ ముద్ద కుళ్ళి కుళ్ళి తన వేడికి తనే ఉడుకుతోంది, మెల్లగా కదులుతోంది — లోపల పురుగు పొర్లుతుంటే. పైనున్నవి మొన్నమొన్నటివి. నేల గడ్డకట్టాక గొయ్యి తవ్వలేక, చచ్చిన గొడ్లని కొనుక్కుపోయే లారీలు మా వైపు రావడం మానేశాక, ఏళ్ళ తరబడి తెచ్చి పడేసినవి.

"ఛీ" అన్నాడు టోబియాస్ ముక్కు మూసుకుని. "రైనీగాడు... ఇదంతా వాడొక్కడేనా? మనిషేనా వాడు?"

వెర్లిన్ లైటు ఒక్కో చెవి మీద ఆపుతూ వెళ్తున్నాడు. రైనీ గొడ్ల చెవి బిళ్ళలు ఎరుపు. అవి ఉన్నాయి. కానీ పసుపువీ ఉన్నాయి. తెల్లవీ ఉన్నాయి. ఆకుపచ్చవి, నారింజవి... ఏ రంగు ఎవరిదో అతనికి తెలుసు. అందరి బండ్లూ అతని షెడ్డుకే వస్తాయి. కాఫీ హోటల్లో ఓస్‌మండ్ కథ చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాళ్ళందరి రంగులూ అక్కడున్నాయి. పిల్లల్ని ఈ దారిన పోవద్దని బెదిరించేవాళ్ళందరివీ.

లైటు ఒక దూడ దగ్గర ఆగింది. చెవికి నీలం బిళ్ళ. దాని మీద నల్ల అక్షరాలు — ఆర్.యు.డి. రూడ్ వాళ్ళ గుర్తు.

టోబియాస్ చూశాడు. చూసి మొహం తిప్పుకున్నాడు.

"మూసెయ్యండి, వెర్లిన్ గారూ" అన్నాడు గుసగుసగా. "ఇక్కడ ఏమీ లేదు. ఓస్‌మండ్ ఉన్నాడు. అంతే."

వెర్లిన్ అతని వంక చూశాడు. ఎలుక గూటిని చూసినప్పుడు, ఆవు పొట్ట గాలి మొహాన కొట్టినప్పుడు కూడా అంత రోత అతని మొహంలో కనిపించి ఉండదు.

"దీంట్లోంచి ఊరే నీళ్ళు ఎటు పోతాయో నీకు తెలుసా? ఈ వాగు వెంట ఏడు మైళ్ళు దిగితే మూడిళ్ళున్నాయి. ముగ్గురూ తాగేది బావి నీళ్ళే. హెల్త్ ఆఫీసుకి నువ్వు ఫోన్ చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

టోబియాస్ కదల్లేదు. బయటికొచ్చిన ఈగలు ఎండలోకి లేచి, రెండు బారలు ఎగిరి, చలికి బిగుసుకుపోయి ఒక్కొక్కటే మంచు మీద రాలుతున్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాడు. తరవాత టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, జేబులోంచి నోటుపుస్తకం బయటికి తీశాడు.

"పేర్లు రాయాలి కదా..." అన్నాడు పెన్ను తీస్తూ. "మా నాన్న పేరు చివర్న రాస్తాను. పరవాలేదా?"